కొమ్ముల కొలత, కాటా తూకం

మొదటి రోజు: ఫోర్ట్‌వర్త్

ఉదయం 11.30 గంటలకు, అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఒకప్పటి పశువుల సంత అయిన ఫోర్ట్‌వర్త్ స్టాక్‌యార్డ్స్‌లో, ఇటుకలు పరిచిన ఎక్స్‌ఛేంజ్ అవెన్యూకు రెండు పక్కలా జనం బారులు తీరి నిలబడి ఉన్నారు. ముందూ వెనకా గుర్రపు రౌతులు నడుస్తుండగా, డజనుకు పైగా లాంగ్‌హార్న్ అనే పొడవుకొమ్ముల జాతి పశువులు, నేను రెండు చేతులూ బారచాపినా కొసలు అందని కొమ్ములతో, ఎవరినీ పట్టించుకోకుండా వీధి వెంట సాగిపోయాయి. 1999 నుంచి ఈ నగరం రోజుకు రెండు పూటలా ఈ మందను ఇలా తోలిస్తోంది. మా మనవరాలు నా భుజాల మీది నుంచి వంగి, "తాతయ్యా, వీటిలో ఆవు ఏది?" అని అడిగింది. నేను చూసినంతలో ఒక్క ఆవు కూడా లేదు. అన్నీ విత్తులు కొట్టిన ఎద్దులే. చిన్న వయసులోనే విత్తులు కొట్టిన పశువుకు ఎముకల ఎదుగుదల ఆలస్యంగా ఆగుతుంది కాబట్టి కొమ్ములు ఏళ్ల తరబడి పెరుగుతూనే ఉంటాయి. ఆబోతు కొమ్ము మొదట్లో లావుగా ఉంటుంది గాని ఇంత బార సాగదు. అంటే చూసేవారిని అబ్బురపరిచే ఈ కొమ్ములు మోసే పశువులకు సంతానమే ఉండదు.

నేను ముప్పై ఒక్క సంవత్సరాలు పశుసంవర్ధక శాఖలో పశువైద్యుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ని. డాలస్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి 2025 అక్టోబరులో వచ్చినప్పుడు, మా అల్లుడి సహోద్యోగి తండ్రి లాంగ్‌హార్న్ పశువులనూ వాటి సంకరాలనూ పెంచుతున్నారని తెలిసి, వెళ్లి చూస్తానని పట్టుబట్టాను. ఆ పెద్దాయన తన పేరు రాయవద్దన్నారు కనుక ఇక్కడ కూడా పెద్దాయన అనే రాస్తాను.

మధ్యాహ్నం 1902లో కట్టిన లైవ్‌స్టాక్ ఎక్స్‌ఛేంజ్ భవనం చుట్టూ తిరిగాము. ఆ కాలంలోనే ఆర్మర్, స్విఫ్ట్ అనే రెండు పెద్ద మాంసం కంపెనీలు పక్కనే కర్మాగారాలు కట్టాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1944లో, ఈ దొడ్ల గుండా 50 లక్షలకు పైగా పశువులు, గొర్రెలు, పందులు వెళ్లాయి. ఆ తరువాత లారీలు రావడం, ఊరూరా వేలంశాలలు వెలవడంతో ఇక్కడికి పశువులను తెచ్చేవారు తగ్గిపోయారు. 1962లో ఆర్మర్, 1971లో స్విఫ్ట్ మూతపడ్డాయి. ఇప్పుడు ఆ దొడ్లలో హోటళ్లు, టోపీల దుకాణాలు ఉన్నాయి.

లాంగ్‌హార్న్ కథ ఇంతకంటే పాతది. 1493లో కొలంబస్ రెండో ప్రయాణంతో మొదలై స్పెయిన్‌వారు ఓడల మీద తెచ్చిన పశువులు మెక్సికో మీదుగా ఇక్కడి బీళ్లలోకి చేరి, ఎవరూ మేత వేయకపోయినా, ఎవరూ పురుడు పోయకపోయినా తమంత తాము బతికి వృద్ధి చెందాయి. 1865లో అంతర్యుద్ధం ముగిసేనాటికి టెక్సాస్‌లో తలకు 4 డాలర్లు పలకని పశువు ఉత్తరాది సంతల్లో 40 డాలర్ల దాకా పలికేది. 1867లో కాన్సాస్‌లోని ఆబిలీన్‌లో రైలు కొట్టం దగ్గర దొడ్లు కట్టినప్పటి నుంచి చిషోమ్ బాట వెంట లక్షలాది పశువులు నడిచి వెళ్లాయి. వాటి వెంట గోమార్లు కూడా వెళ్లాయి. టెక్సాస్ పశువులు తట్టుకున్న గోమారి జ్వరానికి ఉత్తరాది పశువులు గుట్టలుగా చచ్చిపోతుంటే, కారణం తెలియకపోయినా రైతులు ఈ మందలను తుపాకులతో అడ్డుకున్నారు. ఆ జ్వరాన్ని గోమార్లే మోస్తాయని స్మిత్, కిల్‌బోర్న్ అనే శాస్త్రవేత్తలు 1893లో నిరూపించారు. కీటకాల వంటి చిన్న జీవులు రోగాన్ని చేరవేస్తాయని పశువైద్య కళాశాలలో మాకు చెప్పిన తొలి ఉదాహరణ అదే. ఈలోగా 1874లో పేటెంటు పొందిన ముళ్లతీగ బీళ్లను కంచెలుగా విడగొట్టింది, త్వరగా కొవ్వు పట్టే ఇంగ్లండు జాతులు వచ్చాయి, లాంగ్‌హార్న్ దాదాపు అంతరించిపోయింది.

రెండో రోజు: పెద్దాయన బీడు

ఫోర్ట్‌వర్త్ నుంచి పడమరగా రెండు గంటలకు పైగా ప్రయాణం. దారి పొడవునా ముళ్ల మెస్కీట్ చెట్లు, నాగజెముడు పొదలు, అక్కడక్కడ చమురు పంపులు. పెద్దాయనకు సుమారు 1,100 ఎకరాలు ఉన్నాయి. వినగానే గొప్ప ఆసామి అనిపిస్తుంది గాని, ఈ నేలలో ఒక్క ఆవుకు ఇరవై ఎకరాలకు పైగా కావాలని, వాన లేని ఏడాది అదీ చాలదని ఆయన లెక్క చెప్పారు. మంద మొత్తం యాభై రెండు ఆవులు: ఇరవై రెండు రిజిస్టరు అయిన లాంగ్‌హార్న్‌లు, మిగతావి సంకరాలు.

ఆయన పికప్ బండి సైరన్ మోగించగానే మంద నలుమూలల నుంచీ కదిలివచ్చింది. వెనక అమర్చిన యంత్రం నుంచి బొటనవేలంత దాణా గుళికలు నేల మీద వరసగా రాలుతుంటే ఆవులు వచ్చి నిలబడ్డాయి, కాని మన దొడ్లలో లాగా ఒరుసుకుంటూ నిలబడలేదు. ప్రతి ఆవుకూ మధ్య ఒక కొమ్ము పొడవంత ఎడం ఉంది. ముసలి ఆవు ఒకటి తల చిన్నగా తిప్పితే చాలు, రెండు పక్కల ఆవులూ అడుగు వెనక్కి వేశాయి. ఆ తరువాత అవన్నీ గేటు దాటడం చూశాను. గేటు వెడల్పు కొమ్ముల కంటే తక్కువ. ముందు నడిచిన ఎర్రమచ్చల ఆవు గేటు దగ్గర ఆగి, తలను కుడికి వంచి ఒక కొమ్మును ముందుకు దూర్చి, మెడ లోపలికి వెళ్లాక తల ఎడమకు తిప్పి రెండో కొమ్మును లాక్కుని వెళ్లిపోయింది. కొమ్ము కంచెకు తగిలిన చప్పుడు కూడా కాలేదు. దాని వెంట ఉన్న దూడకు కొమ్ములు ఇంకా జానెడైనా లేవు, అయినా అది తల్లి చేసినట్టే తల వంచి దాటింది.

ఆ దూడ మీద నా కళ్లు నిలిచిపోయాయి. ఎనిమిది నెలల కోడెదూడ. తెల్లని ఒంటి మీద ఎర్రని చుక్కలు, చెవులు మాత్రం పూర్తిగా ఎరుపు. "ఈ వారం వేలానికి పంపే వాటిలో అదీ ఉంది" అన్నారు పెద్దాయన. పక్కనే ఉన్న వాళ్లావిడ మాత్రం "ఇంకా తేలలేదు" అన్నారు.

ఈ మాట అర్థం కావాలంటే ఇక్కడ లాంగ్‌హార్న్‌ను ఎలా అమ్ముతారో తెలియాలి. రిజిస్టరు అయిన పశువును కొమ్ము, వంశం, రంగు చూసి కొంటారు. ఒక కొస నుంచి మరో కొసకు గాలిలో సూటిగా టేపు పట్టి కొలిచేది ఒక కొలత, కొమ్ము వంపు వెంట నెత్తి మీదుగా టేపు నడిపి కొలిచేది మరొకటి. ఆవుకు కొస నుంచి కొసకు 80 అంగుళాలు దాటితే కొనేవారు దూరం లెక్కచేయరు. 1964లో ఏర్పడిన టెక్సాస్ లాంగ్‌హార్న్ బ్రీడర్స్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా దగ్గర వంశావళి నమోదవుతుంది. బట్లర్, ఫిలిప్స్, యేట్స్, రైట్, మార్క్స్, పీలర్, విచిటా రెఫ్యూజీ అనే ఏడు మూలవంశాల పేర్లు ఇక్కడ గోత్రాల్లాగా వినిపిస్తాయి. ఇదే పశువును మామూలు వేలంశాలకు తోలితే అదే కొమ్ము, అదే మచ్చ దోషాలవుతాయి. అక్కడ కొనేవాడు పశువును పౌను లెక్కన కొని కొవ్వు పట్టించే పెద్ద దొడ్డికి పంపుతాడు. కొమ్ములు లారీలో చోటు తింటాయి, పక్క పశువుల చర్మం, కండ గాయపరుస్తాయి. మచ్చ కనిపించగానే ఇది పలచటి కండ పశువు, నెమ్మదిగా ఎదిగే పశువు అని ధర కోస్తాడు.

అటువంటప్పుడు సంకరం ఎందుకు చేస్తారని అడిగాను. ఆయన సమాధానంలో సగం నా వృత్తికి సంబంధించినదే. తొలిచూలు పెయ్యకు పెద్ద జాతి ఆబోతును కట్టిస్తే దూడ పెద్దదై దారిలో ఇరుక్కుని, అర్ధరాత్రి గొలుసులు కట్టి లాగవలసిన కష్టం వస్తుంది. లాంగ్‌హార్న్ దూడ చిన్నగా, సన్నగా పుడుతుంది కాబట్టి పెయ్య ఎవరి సాయమూ లేకుండా ఈనుతుంది, వెంటనే లేచి నాకుతుంది, మళ్లీ వేళకు ఎదకు వస్తుంది. నా ఉద్యోగంలో అలా ఇరుక్కున్న దూడలను తీయడానికి భుజం దాకా చేయి పెట్టి తెల్లవార్లూ నిలబడిన రాత్రులు ఎన్నో ఉన్నాయి కాబట్టి ఈ గుణం విలువ నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. దూడకు ధర కొంత తగ్గినా, బతికిన దూడా బతికిన తల్లీ మిగులుతాయని కొందరు రైతులు మొదటి ఈతకు మాత్రమే లాంగ్‌హార్న్ ఆబోతును వాడుతారు.

పెద్దాయన దీన్ని తిరగేసి చేస్తున్నారు. కొమ్ము అంతగా సాగని లాంగ్‌హార్న్ ఆవులను వేరుచేసి వాటికి నల్లని ఆంగస్ ఆబోతును కట్టిస్తారు. ఆంగస్‌కు కొమ్ములుండవు, ఆ గుణం దూడలో పైకి తేలే గుణం, కాబట్టి దూడ బోడిగా పుడుతుంది. నలుపు కూడా పైకి తేలేదే. తల్లి లాంగ్‌హార్న్ కనుక మేత తక్కువైనా తట్టుకుంటుంది, పదిహేనేళ్లు దాటినా ఈనుతుంది. దూడ మాత్రం వేలంలో నల్లదూడల గుంపులో కలిసిపోతుంది. అయితే లాంగ్‌హార్న్‌లో పక్కల మీద రంగు, వీపు మీద తెలుపు వచ్చే మచ్చ ఒకటి ఉంది, అది కూడా పైకి తేలే గుణమే. "కొమ్మును దాచగలను, ఆ మచ్చను దాచలేను" అన్నారాయన. చుక్కల దూడ తల్లి సంకరపు ఆవు, తండ్రి పొరుగువారి లాంగ్‌హార్న్ ఆబోతు. కంచె దాటి వచ్చిన ఆ ఆబోతు గురించి చెబుతున్నంతసేపూ ఆయన ముఖంలో కోపం, మెచ్చుకోలు రెండూ కనిపించాయి.

రాత్రి భోజనానికి నాకోసం చిక్కుళ్లు, మొక్కజొన్న రొట్టె వండారు. మాంసం తినని మనిషి మాంసం పశువుల గురించి ఇన్ని ప్రశ్నలు అడగడం వారికి వింతగానే ఉంది. ఇంటావిడ పచ్చిక మీదే పెరిగిన లాంగ్‌హార్న్ మాంసాన్ని నేరుగా కుటుంబాలకు అమ్ముతారు. కొవ్వు తక్కువని అడిగి కొనేవారున్నారు. ఆ వ్యాపారంలో చిక్కు వయసుతో వస్తుంది. ఈ జాతి నెమ్మదిగా ఎదుగుతుంది కాబట్టి కోతకు సిద్ధమయ్యేసరికి తరచూ 30 నెలలు దాటుతాయి. పిచ్చి ఆవు వ్యాధి వచ్చాక చేసిన నిబంధన ప్రకారం 30 నెలలు దాటిన పశువు వెన్నెముకను ఆహారంలోకి రానివ్వరు, అందువల్ల ఎక్కువ ధర పలికే టీ-బోన్ ముక్కను ఎముకతో కోయడం కుదరదు. వయసు కాగితం లేకపోతే తనిఖీదారు నోరు తెరిచి, రెండో జత శాశ్వత పళ్లలో ఒకటైనా మొలిచిందేమో చూస్తాడు. మన రైతు "నాలుగు పళ్లు వేసింది" అని చెప్పి బేరం పెంచుకునే చోట, ఇక్కడ అదే పన్ను కనబడితే ముక్క ధర పడిపోతుంది. తనిఖీ లేని చిన్న కోతశాలలో కోయిస్తే పొట్లం మీద "అమ్మకానికి కాదు" అని ముద్ర పడుతుంది; ఆమె పశువు బతికుండగానే సగం, పావు చొప్పున వాటాలు అమ్మి, కోత కూలి కొనేవారినే కట్టుకోమంటారు.

మూడో రోజు: ఫోర్ట్ గ్రిఫిన్, ట్రెవిస్

పొద్దున ఆల్బనీకి ఉత్తరాన ఉన్న ఫోర్ట్ గ్రిఫిన్ చారిత్రక స్థలానికి వెళ్లాము. పాత సైనిక స్థావరపు రాతి గోడల పక్కన రాష్ట్ర ప్రభుత్వపు అధికారిక లాంగ్‌హార్న్ మందలో కొంత భాగం మేస్తూ ఉంటుంది. జాతి పూర్తిగా పోతుందన్న భయంతో 1940లలో సిడ్ రిచర్డ్‌సన్ అనే చమురు వ్యాపారి డబ్బు పెడితే, గ్రేవ్స్ పీలర్ అనే పశువుల మనిషి ఊరూరా తిరిగి ఏరి కూర్చిన పశువుల సంతతి ఇది. వీటికి కొమ్ములు పెద్దాయన మందలో ఉన్నంత పొడవు లేవు, పైకి మెలితిరిగి ఉన్నాయి. పాతకాలపు లాంగ్‌హార్న్ ఇలాగే ఉండేదని, టేపు పట్టుకుని తిరిగే కొనుగోలుదారులు వచ్చాకే కొమ్ము అడ్డంగా సాగిందని పెద్దాయన అన్నారు. అది జాతికే నష్టమని ఒప్పుకునేవారు తక్కువే అని కూడా అన్నారు, తన టేపును జేబులో సర్దుకుంటూ.

మధ్యాహ్నం నుంచి చూడి పరీక్షలు. పశువును బిగించే ట్రెవిస్ ఇక్కడ ఇనుపది, రెండు పక్కలా నొక్కి పట్టేది. మామూలు ట్రెవిస్‌లో ఈ కొమ్ములు దూరవు కాబట్టి ముందు భాగం పైకంటా తెరిచి ఉన్న దాన్ని కొన్నారు. స్థానిక పశువైద్యురాలు ఒక్కో ఆవుకూ అర నిమిషంలో చూడి నెలలు చెబుతుంటే, పెద్దాయన కొడుకు వీపు మీద సుద్దతో అంకె వేస్తున్నాడు. నా చేతులు ఊరుకోలేదు గాని, ఈ రాష్ట్రంలో నాకు లైసెన్సు లేదు. ఒక్క ఆవు దగ్గర మాత్రం ఆవిడ "మీరేమంటారు?" అన్నట్టు చూస్తే, పొదుగు తీరు, తోక మొదటి గుంట చూసి "అయిదు నెలలు" అన్నాను. చేయి బయటికి తీసి ఆవిడ "నాలుగున్నర" అన్నారు.

లెక్కకు మిగిలినవి చూడి కట్టని మూడు ఆవులు. వాటిలో రెండు సంకరాలు. వాటిని రేపటి బండిలోకి ఎక్కించాలని నిర్ణయం జరగడానికి క్షణం పట్టలేదు. మేత లేని శీతకాలం ముందు వట్టి ఆవును ఉంచుకోవడం ఇక్కడ ఎవరికీ కుదరదు. మూడోది పద్నాలుగేళ్ల లాంగ్‌హార్న్, కొమ్ములు 78 అంగుళాలు. దాని గురించి ఎవరూ నోరెత్తలేదు.

నాలుగో రోజు: వేలంశాల

ఊరి చివర రేకుల షెడ్డు, చుట్టూ ఇనుప గొట్టాల దొడ్లు, పేడ వాసన, కాఫీ వాసన. బండి దిగిన ప్రతి పశువు వీపు మీదా అంకె కాగితం అంటిస్తారు, దొడ్డి గుమాస్తా దాని ఒంటి మీద కాల్చిన ముద్ర చూసి యజమాని పేరు రాసుకుంటాడు. ఆ ముద్ర కౌంటీ గుమాస్తా దగ్గర నమోదై ఉండాలి, పదేళ్లకొకసారి తిరిగి నమోదు చేయించాలి. కిందటిసారి 2021లో చేయించామని పెద్దాయన చెప్పారు.

లోపల అర్ధచంద్రాకారంలో మెట్లు, వాటి ముందు గదంత బరి. బరి నేలే కాటా. పశువు లోపలికి రాగానే తలల సంఖ్య, మొత్తం తూకం, సగటు తూకం గోడ మీది తెరపై వెలుగుతాయి, పాటదారు గొంతు మొదలవుతుంది. మొదటి పావుగంట నాకు అంకెలు కూడా విడిపడలేదు. తరువాత పాటదారును వదిలేసి కొనేవారిని చూడడం మొదలుపెట్టాను. ముందు వరుసలో ఆరుగురు. వారిలో ఒకాయన కనుబొమ్మ ఎత్తితే పాట, మరొకాయన పెన్ను కొస కదిలిస్తే పాట. వీరిలో చాలామంది తమ కోసం కొనరు. దూరాన ఉన్న పెద్ద దొడ్ల యజమానులు ఫోనులో చెప్పిన తూకానికి, రంగుకు తగిన దూడలను ఒక్కొక్కటిగా ఏరి, లారీ నిండేదాకా పోగుచేసే కమీషన్ కొనుగోలుదారులు. ఇది అర్థమైతే మచ్చల దూడ ధర ఎందుకు పడుతుందో అర్థమవుతుంది: ఒకే రంగు, ఒకే ఎత్తు దూడల లారీలో అది ఇమడదు, విడిగా ఒక్కదాన్ని కొనడానికి వారికి తీరిక లేదు.

ఆ ఏడాది, 2025లో, ధరలు అంతకుముందు ఎప్పుడూ లేనంత ఎక్కువగా ఉన్నాయి. వరుస కరవులకు రైతులు ఆవులనే అమ్ముకోవడంతో 2025 జనవరి 1 నాటికి దేశంలో పశువుల సంఖ్య 8 కోట్ల 67 లక్షలకు దిగింది, 1951 తరువాత అప్పటికి అదే అతి తక్కువ. దానికి తోడు, బతికున్న పశువు పుండులో గుడ్లు పెట్టే స్క్రూవార్మ్ ఈగ ఉత్తరానికి వస్తోందని మెక్సికో నుంచి దూడల రాకను ఆపేశారు.

పెద్దాయన నల్లదూడలు తొమ్మిది ఒకే గుంపుగా లోపలికి వచ్చాయి. సగటు 520 పౌనులు. పాట పౌనుకు 4 డాలర్ల 10 సెంట్ల దగ్గర ఆగింది. వీటి తల్లులు లాంగ్‌హార్న్‌లని బరిలో ఎవరికీ తెలియదు, తెలిసినా అడిగేవారు లేరు. ఆయన తొడ మీద వేలితో లెక్క వేసుకుని, దూడకు 2,132 డాలర్లు అని నాకు వినపడేటట్టు అన్నారు.

నల్లదే ఇంకొకటి, వీపు మీద తెల్లని చారతో, విడిగా వచ్చింది. బోడిదే, తూకమూ అంతే, వయసూ అంతే. 3 డాలర్ల 35 సెంట్లు. ఆ చార వెడల్పు నా అరచెయ్యంత ఉంటుంది.

తరువాత చుక్కల దూడ. 460 పౌనులు. మామూలుగా తూకం తగ్గినకొద్దీ పౌను ధర పెరుగుతుంది, ఎందుకంటే ఎదగడానికి ఇంకా చోటున్న దూడ మీద కొనేవాడు మేత ఖర్చుతో లాభం తీస్తాడు. ఇక్కడ ఆ సూత్రం పనిచేయలేదు. పాటదారు ఎంత లాగినా 2 డాలర్ల 60 సెంట్లు దాటలేదు. దూడ బరి మధ్య నిలబడి, తల ఎత్తి, మెట్ల మీద ఉన్న మమ్మల్ని వాసన చూస్తున్నట్టు ముట్టె ఆడించింది. 1,196 డాలర్లు. పాటదారు పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయన భార్య వైపు చూశారు. ఆవిడ తల అడ్డంగా ఊపారు, "అమ్మకం లేదు" అని పాటదారు ప్రకటించాడు, తలుపు తెరిచారు. అమ్మకపోయినా దొడ్డి రుసుము కట్టాలి.

డబ్బు చెక్కు చేతికొచ్చేటప్పుడు తగ్గింపుల కాగితం నేనూ చూశాను: కమీషన్, దొడ్డి రుసుము, మేత, బీమా, పశువుకు ఒక డాలరు చొప్పున జాతీయ మాంస ప్రచార నిధి, 2014 నుంచి రాష్ట్రానికి మరో డాలరు. 1921 నాటి ప్యాకర్స్ అండ్ స్టాక్‌యార్డ్స్ చట్టం ప్రకారం అమ్మిన మరుసటి పనిదినం ముగిసేలోగా రైతుకు డబ్బు అందాలి. సంతలో దళారి గుడ్డ కింద చేయి పట్టుకుని వేళ్లతో ధర చెప్పే బేరాలు చూసి పెరిగిన నాకు, మూడు వందల మంది ముందు తూకం వెలిగి, అందరూ వినేలా ధర పలికే ఈ పద్ధతి మీద గౌరవం కలిగింది. అయితే ఆ కాటా తూచగలిగినదానికే ఇక్కడ ధర.

అయిదో రోజు

పొద్దంతా వాన. మధ్యాహ్నం పొరుగువారి బీడులో "పులిచారల" ఆవులను చూడడానికి వెళ్లాము. హెరిఫర్డ్, బ్రాహ్మన్ జాతులను కలిపితే వచ్చే ఈ మొదటి తరం ఆవుల ఎర్రని ఒంటి మీద నల్లని చారలు దిగి ఉంటాయి. ఎండనూ గోమార్లనూ ఓర్చుకుంటాయి, పాలు బాగా ఇచ్చి దూడను బరువెక్కిస్తాయి, చూలు తప్పవు; ఈ తరం పెయ్యలకు ఉన్న గిరాకీ మరే సంకరానికీ లేదు. ఆ సంకరపు బలం తరువాతి తరంలో తగ్గుతుంది కాబట్టి ఎవరో ఒకరు రెండు శుద్ధజాతులనూ విడిగా నిలుపుతూ ఉండాలి.

అక్కడ ఉన్న బూడిదరంగు బ్రాహ్మన్ ఆబోతు కంచె దగ్గరికి వచ్చి మూపురం చూపించింది. చేయి వేయకుండా ఉండలేకపోయాను. ఒంగోలు, గిర్, గుజరాత్ కాంక్రేజ్, కృష్ణా లోయ జాతులను కలిపి అమెరికావారు ఈ జాతిని రూపొందించారు. 1906లో పియర్స్ ర్యాంచివారు భారతదేశం నుంచి తెప్పించిన పశువులు ఆ పునాదిలో ఉన్నాయి, 1924లో హ్యూస్టన్‌లో ఈ జాతి పెంపకందారుల సంఘం ఏర్పడింది. వేలాడే చెవులు గిర్‌వి. కాళ్ల పొడవు, నిలబడిన తీరు మాత్రం నాకు తెలిసినవే. లాంగ్‌హార్న్ రక్తంలో కూడా సుమారు ఏడో వంతు మూపురపు పశువుల వంశం ఉందని టెక్సాస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో జన్యు పరీక్షలతో చూపించారని చెబితే పెద్దాయన నమ్మలేదు. ఆయన చుక్కల దూడ మెడ కింద కొద్దిగా వేలాడుతున్న చర్మాన్ని చూపించాను. "అది వాళ్లమ్మ నుంచి వచ్చింది" అన్నారు, వాళ్లమ్మ సంకరం కాబట్టి.

సాయంత్రం వాన వెలిశాక, తాడు విసిరి ఎద్దును పట్టే పోటీలకు సాధన చేసే యువకుడొకడు దూడను చూడడానికి వచ్చాడు. ఈ ఆటలో ఇద్దరు రౌతులు: ఒకరు కొమ్ములకు, మరొకరు వెనక కాళ్లకు తాడు వేస్తారు. అందుకు తేలికైన, చురుకైన, కొమ్ములున్న ఎద్దులే కావాలి, కాబట్టి మెక్సికో మూలాల కొరియెంటే పశువులనూ లాంగ్‌హార్న్ సంకరాలనూ తలకింత అని కొంటారు, నెలవారీ అద్దెకు కూడా తీసుకుంటారు. తాడు రాపిడికి కొమ్ముల మొదళ్లకు, చెవులకు గుడ్డ తొడుగు కడతారు. ఆ యువకుడు దూడను కాసేపు పరుగెత్తించి చూసి, పరుగు నచ్చింది, కొమ్ము చాలదు, వచ్చే ఏడాది చూద్దామన్నాడు. ఎనిమిది నెలల దూడకు పొద్దు పొద్దునా మారిన వెలను చూస్తూ నేను నవ్వాను. పెద్దాయన నవ్వలేదు, వచ్చే ఏడాది దాకా దాని మేత ఆయనదే.

ఇంటావిడ ఆలోచన వేరు. నగరాల అంచున పది, ఇరవై ఎకరాలు కొనుక్కున్నవారు పన్ను తగ్గడానికి పశువులను ఉంచుతారు. టెక్సాస్‌లో భూమిని వెనుకటి ఏడేళ్లలో అయిదేళ్లు వ్యవసాయానికి వాడి ఉంటే, మార్కెట్ విలువ మీద కాక అది పండించగల విలువ మీద పన్ను వేస్తారు; ఎన్ని పశువులు ఉండాలో కౌంటీవారు నిర్ణయిస్తారు. అలాంటివారు కాటా చూడరు, వాకిట్లోంచి కనిపించే కొమ్మును చూస్తారు. విత్తులు కొట్టి నాలుగేళ్లు పెంచితే ఈ దూడ వారికి తగినదవుతుందని ఆమె నమ్మకం. నాలుగేళ్ల మేత లెక్కను పెద్దాయన నోటితో చెప్పలేదు, కాగితం మీద వేసి ఆవిడ ముందు పెట్టారు.

ఆరో రోజు: విచిటా కొండలు

తిరుగు ప్రయాణాన్ని ఓక్లహోమా మీదుగా పెట్టుకున్నాము. లాటన్ దగ్గరి విచిటా పర్వత వన్యప్రాణి సంరక్షణాలయం సుమారు 59,000 ఎకరాల గ్రానైటు కొండలు, గడ్డి మైదానాలు. 1907లో న్యూయార్క్ జంతుప్రదర్శనశాల నుంచి రైలులో పంపిన 15 అమెరికా అడవిదున్నల (బైసన్‌ల) సంతతి ఇక్కడ తిరుగుతోంది. లాంగ్‌హార్న్‌లకు కూడా 1927లో కాంగ్రెసు 3,000 డాలర్లు కేటాయించగా, అటవీ శాఖ ఉద్యోగులు టెక్సాస్ అంతా గాలించి, సంకరం కలవని పశువులను ఏరి రైలులో ఇక్కడికి చేర్చారు. పెద్దాయన ఆవులలో ఆరింటి కాగితాల మీద ఉన్న రెఫ్యూజీ వంశం ఇక్కడ మొదలైందే. మేతకు మించి పెరిగిన పశువులను సంరక్షణాలయంవారు వేలం వేస్తారు. దేశంలోని ఎన్నో మందలకు విత్తనం ఆ వేలాల్లోనే దొరికింది.

రోడ్డు పక్కన ఒక ఆవు నాగజెముడు పొద మధ్య తల దూర్చి అడుగున ఉన్న గడ్డి కొరుకుతోంది. కొమ్ములతో రెండు పక్కలా ముళ్ల ఆకులను ఎత్తిపట్టినట్టు నిలబడింది. కారు ఆపి పది నిమిషాలు చూశాము. ఒక కొమ్ము కొసకు ఎండిన గడ్డిపోచ చుట్టుకుని ఉంది, అది తల ఆడించినప్పుడల్లా ఊగుతోంది. మా అల్లుడు అడ్డంగా ఎంత ఉంటుందని అడిగితే, కంటి కొలతకు 50 అంగుళాలు దాటదన్నాను.

డాలస్ చేరేసరికి ఫోనులో ఇంటావిడ పంపిన ఫొటో ఉంది. ట్రెవిస్‌లో చుక్కల దూడ, దాని నెత్తి మీదుగా పసుపుపచ్చ టేపు, టేపు పట్టుకున్న పెద్దాయన చేతులు. కింద ఆమె రాసిన రెండు వాక్యాలు: "ఈ ఉదయం విత్తులకు రబ్బరు వలయం వేశాము. 17 అంగుళాలు."